దొంగసచ్చినోడు

బక్కమ్మ నోరు తెరిస్తే ఊళ్లో లేని పశువులు కూడా బయటికొస్తాయి. మొగుడు ఐలేశం గాడిద. కోడలు మల్లిక బర్రె. డీసీఎం బండి మీద ఊళ్లు తిరిగి ఎప్పుడో ఇల్లు చేరే కొడుకు గోపాల్ ఊరకుక్క. పక్క చేను కాటమయ్య గుంటనక్క. ఇంత మందను ఒక్క నోటితో మేపే మనిషి, శ్రీశైలం రోడ్డు మీద కల్వకుర్తి దాటాక ఇంకొకరు కనబడరు. మాటలో విషముండదు, అలవాటు అంతే. అందులోనూ మొగుణ్ని పేరు పెట్టి పిలవకూడదని పెద్దలు కట్టడి చేశారాయె, మరి పిలవడానికి ఏదో ఒకటి కావాలి కదా! పెళ్లయిన కొత్తలో ఎప్పుడో గాడిద నోటికొచ్చింది, అదే నిలిచిపోయింది. ఐలేశం కూడా అది తన పేరే అన్నట్టు పలుకుతాడు. ఆమె ఒక పూట తిట్టకుండా ఊరుకుంటే ఇంట్లో వాళ్లకు భయం పట్టుకుంటుంది, "ఏమైంది, పానం బాగలేదా?" అని నుదురు పట్టి చూస్తారు. 

ఇందులో గాడిద చేసిన పాపమేమిటో, బర్రె చేసిన తప్పేమిటో మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

శివరాత్రి దగ్గర పడ్డ ఆ పొద్దున ఆమె నిజంగానే ఒక పశువును తిడుతూ ఉంది.

"ఓరి దొంగసచ్చినోడా! మళ్లొచ్చినవారా! నీ కాళ్లిరుగ, నీకు గత్తర రాను, నా పల్లిశేనే దొరికిందారా నీకు?"

చేనంతా పండి ఉంది. పీకుడు ఆ రోజే మొదలు పెట్టారు. బక్కమ్మ వంగి, మొదలు పట్టి, ఒక్క గుంజు గుంజి, మన్ను దులిపి కుప్ప వేస్తోంది. తల ఎత్తేసరికి గట్టు దగ్గర కోడె, నోటి నిండా పల్లి ఆకు. తిడుతూ తిడుతూ చేతిలో ఉన్న కట్టనే విసిరింది. కట్ట పోయి దాని మూతి ముందు పడింది. కోడె ఒకసారి ఆమె వైపు చూసి, చెవులు ఆడించి, కట్టను కూడా తినడం మొదలుపెట్టింది.

"చూడు చూడు! సిగ్గుందా దీనికి?" అని ఇంకో కట్ట విసిరింది బక్కమ్మ.

అది ఎవరి కోడెనో ఎవరికీ తెలియదు. జెర్సీ ఆవుకు పుట్టిన మగదూడ. పాలివ్వదు. మూపురం లేదు కనుక మెడ మీద కాడి నిలవదు. పోయిన ఏడు ఎవరో బండిలో తెచ్చి రోడ్డు పక్కన దింపి పోయారు. అప్పట్లో పిల్లలు ముద్దు చేశారు కూడా. ఆకలికి ఒకనాడు కాటమయ్య మక్కజొన్న చేనులో పడింది, ఇక ఆ రోజు నుంచి దానికి దొంగగొడ్డు అని పేరు పడింది. పేరు పడ్డాక కొట్టడానికి ఎవరి చెయ్యీ వెనకాడలేదు. దొంగను కొడితే తప్పెవడంటాడు? వీపు మీద ఒకరు పోసిన వేణ్నీళ్లకు వెంట్రుకలు ఊడిన జాగా ఉంది. ముళ్లతీగ తగిలి ఎడమ చెవి చీలింది. 

గట్టవతల మోటారుసైకిల్ ఆగింది. కాటమయ్య దిగాడు. కల్లుగీత పని మానేసి మక్క, పత్తి పెట్టుకున్న మనిషి. ఊళ్లో ఏ పని పడినా ముందుండేవాడు.

"ఇయ్యాల ఇడిసేది లేదు, బక్కమ్మా! రాత్రి నా మక్క సగం మడి నాశనం జేసింది. రాండ్రి రా, అందరు రాండ్రి! బందెలదొడ్డికి తోలుదాం!"

ఇంకేముంది! పల్లి పీకే వాళ్లు పీకుడు వదిలారు, బోరు కాడున్న వాళ్లు బోరు వదిలారు. కట్టెలు, చెప్పులు, రాళ్లు, ఈలలు. కోడె గట్టు దూకి మక్కలో పడింది, మక్కలోంచి పత్తిలోకి, పత్తిలోంచి తారు రోడ్డు మీదికి. శ్రీశైలానికి నడిచి పోతున్న శివస్వాముల నడుమ నుంచి అది దూసుకుపోతుంటే, వాళ్లు ఇరుముళ్లు పట్టుకుని పక్కకు ఉరికారు. "హరహర మహాదేవ!" అని ఒకాయన అరిచింది భక్తితోనో భయంతోనో తెలియదు. అందరికంటే ముందు కొంగు నడుముకు చెక్కి బక్కమ్మ పరుగు. ఈ వయసులో ఇంత పరుగుందా తనలో అని ఆమెకే ఆశ్చర్యం. ఒళ్లంతా చెమట, గుండె దడదడ, నోట్లో తిట్లు కుండపోత.

పంచాయతీ వెనక పాత బందెలదొడ్డి ఉంది. దారి తప్పిన పశువులను బంధించే చుట్టుగోడ. దాని వాడకం పోయి చాలా కాలమైంది, గేటు మాత్రం నిలబడే ఉంది. కోడెను అందులోకి తోలి గేటు వేశారు. కాటమయ్య ఇంట్లోంచి పాత మోకు తెచ్చాడు, తాటిచెట్లెక్కిన రోజుల నాటిది. మోకు ఉచ్చు వేసి గోడెక్కి ఎంత విసిరినా కోడె తల అందడంలేదు. ఒక్క కుమ్ము కుమ్మితే కాటమయ్య గోడ మీద నుంచి అవతలి పేడకుప్పలో పడ్డాడు. ఊరు ఊరంతా పగలబడి నవ్వింది.

అంతలో పశువుల సంత లారీ మనిషి వచ్చాడు. కాటమయ్య ఫోన్ చేసి రప్పించాడు. ఆయన గోడ మీద నుంచి లోపలికి వంగి, మూతి తిప్పుతూ ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు.

"మాల్ మంచిగనే ఉన్నది. రేపు పొద్దుగాల లోడ్ జేస్తం. అందాకా మూతికి తాడేసి ఉంచుండ్రి," అన్నాడు.

"తాడేస్తే గదా!" అన్నాడు కాటమయ్య పేడ దులుపుకుంటూ.

బక్కమ్మ చెవిలో మాల్ అన్న మాట రాయిలా పడింది. ఆమె పుట్టిల్లు గొర్లోళ్ల ఇల్లు. వాళ్ల నాయిన గొర్రెను కూడా ఏనాడూ గొర్రె అనలేదు, జీవం అనేవాడు. జీవాలు మేసినయా, జీవాలకు నీళ్లు పెట్టినవా అని అడిగేవాడు. కోసి కూర వండిన రోజు కూడా జీవాన్ని కోసినం అనే చెప్పేవాడు, ఆ రోజు ఒక ముద్ద తక్కువ తినేవాడు. ఈ కోడె దొంగ అయితే అయింది, కానీ మాల్ ఏంది? సిమెంటు బస్తానా?

ఆ కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక, కోపమొస్తే ఎప్పుడూ చేసే పనే చేసింది. గేటు ఊచలు పట్టుకుని లోపలికి అరిచింది.

"ఓరి దొంగసచ్చినోడా! నిన్నేరా! సూసినవా నీ బతుకెట్లయిందో? గాడిదికి బుట్టినోడా, జర బుద్ధిగుంటే ఏం బోయింది నీకు?"

గోడకు కొమ్ములు రాస్తున్న కోడె ఆగింది. చీలిన చెవి ఇటు తిప్పింది. తర్వాత, ఇంతసేపు ఇంతమంది మొగోళ్లకు దొరకని ఆ కోడె, తిన్నగా నడిచి గేటు దగ్గరికొచ్చి, ఊచల్లోంచి మూతి బయటికి పెట్టి, చెమట పట్టిన బక్కమ్మ అరచేతిని నాకింది. గరుకు నాలుక. ఉప్పంతా నాకి ఇంకా ఏదో కావాలన్నట్టు ఆమె ముఖంలోకి చూసింది.

జనం గేటు దగ్గరికి జరిగారు.

"అత్తా," అంది పక్కన నిలబడ్డ మల్లిక మెల్లగా. ఏడో నెల కడుపు మీద చెయ్యి పెట్టుకుని ఉంది. "నువ్వు రోజు తిట్టుకుంట చేతిల ఉన్న గడ్డి దాని మీదికి ఇసురుతవు గదా. నువ్వు తిడితే మేత వస్తదని దానికి ఎరుక. గదే దాని పేరనుకుంటాంది."

బక్కమ్మ అది నాకిన అరచేతిని తిప్పి చూసుకుంది. ఏడాది పొడుగునా నోటికొచ్చిన శాపనార్థాలన్నీ పెట్టింది. అది వాటినే పిలుపనుకుని, ఆ పిలుపు కోసమే రోజూ గట్టు దగ్గరికొచ్చిందా?

"తాడు పట్టు, బక్కమ్మా, నీకు అందుతాంది, ఎయ్యి మెడకు!" అని కాటమయ్య మోకు అందించాడు. "పొద్దుగాల లోడ్ జేసుడే."

"ఏం లోడ్?" బక్కమ్మ ఒక్కసారిగా తిరిగింది. తర్వాత ఏమంటున్నదో ఆమెకే తెలియదు, నోరు దాని పాటికది నడిచింది. "మల్లన్నకు ఇడిసిన కోడెను లోడ్ జేస్తరా? నీ లారీ బోల్తగొట్ట! నా కోడలు కాన్పు సుఖంగ గావాలని మొన్న సోమారమే మొక్కుకున్న! ఇది శ్రీశైలం మల్లన్నది! చెయ్యెయ్యుండ్రి, ఎవరేస్తరో చూస్త!"

దొడ్డి చుట్టూ గాలి మారిపోయింది. లారీ మనిషి ఒక అడుగు వెనక్కేసి, ఎందుకైనా మంచిదని రెండు చెంపలు వేసుకున్నాడు. కాటమయ్య చేతిలో మోకు జారింది.

"మల్లన్నకు జెర్సీ కోడెనా?" అన్నాడు ఎవరో.

"దేవునికి మూపురంతోని ఏం పని రా?" అని గదమాయించింది బక్కమ్మ.

"ముందే చెప్తే గాదు, బక్కమ్మా!" అన్నాడు కాటమయ్య. "నేను కుమ్ము దిన్నది గూడ... స్వామి కుమ్మిండన్నట్టు! అయ్యో, మొన్న గొడ్డలి కామతోని గొట్టిన గదనే, తండ్రీ!"

ఆ వెనక ఐలేశం పెళ్లాం ముఖంలోకి ఒక చూపు చూశాడు. మొక్కు లేదు, ముడుపు లేదని ఆయనకు తెలుసు. తువ్వాలతో మెడ తుడుచుకుని, పోయి గేటు గొళ్లెం తీశాడు.

*

మర్నాటి నుంచి ఊరికి పట్టపగ్గాలు లేవు. నిన్నటి దొంగగొడ్డు ఈ రోజు మల్లన్న కోడె. నిన్న వచ్చింది, పోయింది అన్న నోళ్లే ఈ రోజు వచ్చిండు, పోయిండు అంటున్నాయి. కాటమయ్యే స్వయంగా పసుపు కలిపి దాని నుదుట పూశాడు. కొమ్ములకు ఎర్ర గుడ్డలు, మెడలో ఇత్తడి గంట. వేణ్నీళ్లు పోసిన ఇల్లాలు కొబ్బరినూనె తెచ్చి ఆ మచ్చ మీద రాసి కళ్లు తుడుచుకుంది. చీలిన చెవి కూడా ఏదో గుర్తని, పుట్టుకతో వచ్చిందని ఒక ముసలాయన తేల్చేశాడు. ముళ్లతీగ ఆయన చేనుదే.

శివస్వాములకు అన్నదానం పెట్టే టెంటు పక్కనే కోడెకు నీడ వేశారు. రోడ్డు మీద పోయే స్వాములు ఆగి కాళ్లకు మొక్కి పోతున్నారు. ఎవరో వీడియో తీసి ఫోన్లలో పెట్టారు. అంతే! కల్వకుర్తి నుంచి బండ్ల మీద కుర్రకారు, ఆటోల్లో ఆడవాళ్లు. డప్పులొచ్చాయి. పక్కన నిలబడి ఫొటోలు. వచ్చినవాళ్లెవరూ ఊరికే రాలేదు. పులిహోర, దద్దోజనం, బూరెలు, అరటిపళ్లు, బెల్లం అచ్చులు. అన్నదానంలో మిగిలిన అన్నం తెచ్చి గంపలతో బోర్లించారు. పస్తులుండి పెరిగిన జీవానికి వద్దనడం తెలుస్తుందా? పెట్టిందల్లా తింది.

బక్కమ్మకు కాళ్లు నేల మీద ఆనడంలేదు. ఎక్కడికి పోయినా ఆమెకు ముందు జాగా. "మొక్కు మొక్కిన తల్లి గీమెనే" అని వేలు పెట్టి చూపించుకుంటున్నారు. ఆమెను చూస్తే ముఖం తిప్పుకునే పటేలు కోడలు కుర్చీ వేసి కూర్చోబెట్టింది. నిజం చెప్పొద్దూ, బక్కమ్మకు అది బాగుంది. కోడె బతికింది, పరువు పెరిగింది, అబద్ధం ఒక్కటే కదా ఆడింది! అని మనసుకు చెప్పుకుంది. కానీ ఇంటికొచ్చి మల్లిక కడుపు చూసినప్పుడల్లా లోపల ముల్లు గుచ్చుకునేది. లేని మొక్కు మొక్కినట్టు చెప్పింది, అదీ ఈ కడుపు పేరు మీద.

"తప్పు జేసిన్నా, బర్రె?" అని అడిగింది.

"నువ్వు మంచిదే జేసినవు గానీ, అత్తా," అంది మల్లిక అన్నం గంజి వారుస్తూ, "అందరు దానికి మనం తినేది పెడ్తున్నరు. గడ్డి ఎవ్వరు ఏస్తలేరు. స్వామికి గడ్డెట్ల ఏస్తరు అంటున్నరు."

బక్కమ్మ ఆ సాయంత్రం ఒక మోపు పల్లి కట్టె నెత్తిన పెట్టుకుని పోయింది. టెంటు దగ్గర కాటమయ్య ఆపాడు.

"గిదేంది? నెయ్యేసిన పరమాన్నం తింటున్నడు స్వామి, నీ పల్లి కట్టె ఎందుకు? పరువు దీస్తవా?"

అంత జనం ముందు ఏమంటుంది? మోపు దింపకుండానే తిరిగొచ్చింది. గుంపు మధ్యలోంచి కోడె మెడ చాచి ఆమె మోపు వైపు చూసింది. పిలుద్దామనుకుంది. కానీ దేవుణ్ని దొంగసచ్చినోడా అని ఏ నోటితో పిలుస్తుంది?

*

శివరాత్రి పొద్దున కోడె ఏమీ ముట్టలేదు.

పళ్లు పెట్టారు, మూతి తిప్పుకుంది. నీళ్లు పెట్టారు, తాగలేదు. పడుకున్న చోటి నుంచి లేవలేదు. కళ్లు సగం మూసి, మెడ ముందుకు చాచి, అప్పుడప్పుడు మూలుగుతోంది.

"సూసిండ్రా!" కాటమయ్య చేతులెత్తి ఊగిపోయాడు. "శివరాత్రి ఉపాసం! నోరులేని జీవం, దానికెవరు జెప్పిండ్రు ఇయ్యాల శివరాత్రని? కండ్లు మూసి జపం జేస్తున్నడు!"

ఆ మాట రోడ్డు పొడుగునా పాకింది. కోడె ఉపవాసముందట! జనం విరగబడ్డారు. డప్పులు దంచారు, టెంకాయలు పగిలాయి, కర్పూరం పొగ కమ్మింది. ఆడవాళ్లు తలలు విరబోసుకుని ఊగారు. మూలిగినప్పుడల్లా "ఓంకారం! ఓంకారం!" అని కేక.

మధ్యాహ్నం దాటాక బక్కమ్మ ఆ గుంపును తోసుకుని లోపలికొచ్చింది. ఆమె కూడా ఉపవాసమే, నోరెండిపోయి ఉంది. కోడెను చూసింది. దేవుణ్ని చూసినట్టు ముఖం వైపు కాదు, వాళ్ల నాయిన జీవాలను చూసినట్టు కడుపు వైపు. ఎడమ డొక్క ఉబ్బి వెన్నెముకతో సమానంగా లేచింది. నెమరు లేదు. పొద్దటి నుంచి పెండ వేసిన గుర్తు లేదు. ముక్కు ఎండిపోయింది. జపమా ఇది? పానం మీదికొచ్చింది!

వెనక్కొచ్చి ఐలేశం భుజం పట్టి ఊపింది. "ఓ గాడిదా! ఉరుకు! డానియల్‌ను తోలుకరా, ఉన్నపళంగ రమ్మను!"

ఐలేశం ఎందుకని అడగలేదు. ఎవరి బండి తాళాలో తీసుకుని పోయాడు.

డానియల్ పశువుల దవాఖానలో కంపౌండర్. ఈ ఊరివాడే. ఒకప్పుడు కాటమయ్య చేనులోనే వాళ్ల నాయిన కూలి చేసేవాడు. సంచి భుజాన వేసుకుని వచ్చిన డానియల్‌ను టెంటు దగ్గర కాటమయ్య అడ్డుకున్నాడు.

"నువ్వు ప్రార్థనకు పోయేటోనివి. ఇయ్యాల శివరాత్రి. దేవుని ఒంటి మీద సూదేంది, డానియల్? పో పో."

"అన్నా, పోయినేడు నీ బర్రె ఈనలేక సస్తాంటే సంకదాక చెయ్యి పెట్టి దూడను గుంజిన. అప్పుడు నా ప్రార్థన అడ్డమొచ్చిందా నీకు?" అన్నాడు డానియల్. గొంతు పెంచలేదు. కానీ అతన్ని ముందుకు రానివ్వలేదు జనం. "ఉపాసం చెడగొడ్తరా?" అని ఎవరో అరిచారు.

అప్పుడు అందరూ బక్కమ్మ వైపు తిరిగారు. మొక్కు ఆమెది. ఆమె మాటే చెల్లుతుంది. చెప్పమ్మా, ఇది జపమా, జబ్బా?

జబ్బంటే మొక్కు అబద్ధమని తేలుతుంది. మల్లన్న పేరు మీద, అదీ శివరాత్రి పూట, కడుపుతో ఉన్న కోడలి పేరు మీద. ఊరు ఊరుకుంటుందా? ఊరి సంగతి అటుంచు, పైనున్నవాడు ఊరుకుంటాడా? రేపు కాన్పులో ఏమన్నా అయితే? బక్కమ్మ కొంగు అంచు పట్టుకుని మెలిపెట్టింది. వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి ఆ చేతిని పట్టుకుంది.

"అత్తా," అంది మల్లిక. అందరికీ వినబడేట్టే అంది. "గా కోడె పానం బోతే నా బిడ్డకు మంచిదా? చెప్పు."

చాలు. బక్కమ్మ కొంగు నడుముకు చెక్కింది.

"ఇనుండ్రి! మొక్కులేదు, గిక్కులేదు! నేను అబద్ధమాడిన! దాన్ని మాల్ అన్నడు, లోడ్ అన్నడు, నాకు కడుపు మండింది, నోటికొచ్చింది అన్న! మల్లన్న శిక్షేస్తే నాకేస్తడు, నేను పడ్త! ఇది దేవుడు గాదు, ఏం గాదు. గొడ్డు! మీరు పెట్టిన బూరెలకు, బెల్లానికి కడుపుబ్బి సస్తాంది! జరుగుండ్రి!"

డప్పులు ఆగిపోయాయి. కాటమయ్య ముఖం నల్లబడింది. "మల్లన్న పేరు మీద అబద్ధమా, బక్కమ్మా..." అన్నాడు. పటేలు కోడలు ఛీ అని ఉమ్మేసి పక్కకు జరిగింది. జనం వెనక్కి తగ్గారు, దారి మాత్రం దొరికింది. డానియల్ పోయి ఎడమ డొక్క మీద వేళ్లతో కొట్టాడు. పక్కన పడి ఉన్న డప్పులాగే మోగింది.

"అన్నం, బెల్లం లోపట పులిసినయ్. పండుకుంటే గాలి బయటికి రాదు. ముందుగాల లేవాలె. లేపుండ్రి జెల్ది."

నలుగురు పట్టి లేపబోయారు, లేవలేదు. తోక మెలిపెట్టారు, లేవలేదు. కాటమయ్యకు మనసొప్పలేదో, భయం పోలేదో, చేతులు జోడించి వంగాడు. "లే, స్వామీ. జర లే, తండ్రీ. తప్పయితే మన్నించు." కోడె కన్ను కూడా తెరవలేదు.

బక్కమ్మ దాని తల దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. ఊరంతా చూస్తోంది. ఆమెకు ఎవరూ కనబడలేదు.

"ఓరి దొంగసచ్చినోడా!" గొంతు చీలిపోయింది. "లే! నీ కాళ్లిరుగ, లేరా! నా పల్లిశేను మేసి, నా పానం తిని, గిప్పుడు గిట్ల పంటవా? నీకు గత్తర రాను! నీ పాడె గట్ట! ఎవరు పెడితే గది తినుడేనా, బుద్ధి లేదారా నీకు? లే! లే, నా కొడకా, దొంగసచ్చినోడా, లే!"

కళ్ల నుంచి ధారలు కారుతూనే ఉన్నాయి, తిట్లు ఆగలేదు. చీలిన చెవి కదిలింది. ఒక కన్ను తెరుచుకుంది. కోడె మూతి ఆమె చేతి కోసం వెతికింది. "దా! దా, దొంగోడా!" అని బక్కమ్మ వెనక్కి జరిగింది. వెనక కాళ్లు తన్నుకుని, ముందు మోకాళ్ల మీద ఊగి, గంట గణగణమని మోగుతుండగా కోడె లేచి నిలబడింది.

"పట్టు, బావా, పట్టు! మొకం మెరక దిక్కు తిప్పు!" అని డానియల్ కేకేశాడు. ఐలేశం కోడె మెడకు భుజం ఆనించాడు. పంచాయతీ ముందు ఎత్తు మీదికి ముందు కాళ్లు ఎక్కించారు. డానియల్ వేపకట్టె ఒకటి నోట్లో అడ్డం పెట్టి కొమ్ములకు కట్టాడు, అది కొరుకుతుంటే చొంగ ఊరుతుంది. తినే సోడా నీళ్లలో కలిపి సీసాతో కొంచెం కొంచెం తాగించాడు. గాలి పోవడానికి గొంతులోకి గొట్టం దింపాడు. సెలైన్ సీసా ఎవరు పట్టుకోవాలని చూస్తే, ఎప్పుడొచ్చాడో కాటమయ్య వచ్చి అందుకుని చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు. ఎవరి వైపూ చూడలేదు. బక్కమ్మ డొక్క మీద రెండు చేతులతో రుద్దుతూనే ఉంది, తిడుతూనే ఉంది. రెక్కలు పడిపోతున్నాయి. మల్లిక చెంబుతో నీళ్లిస్తే ఉపవాసం మాట మరిచిపోయి గటగటా తాగేసింది.

గుళ్లో సాయంత్రం దీపం పెట్టే వేళకు కోడె మెడ చాచి ఒక పెద్ద త్రేన్పు తేన్చింది. పుల్లటి కంపు రోడ్డు దాకా కొట్టింది. ఆ కంపుకు ఊరు ఊరంతా ముక్కులు మూసుకుని "హే!" అని అరిచింది. తర్వాత ఇంకోటి, ఇంకోటి. ఆఖరికి తోకెత్తి కాటమయ్య కాళ్ల మీద పలచటి పెండ వేసింది. డానియల్ పకపకా నవ్వాడు.

"ఏం ఫికర్ లేదు, అక్కా. బతికింది."

*

తెల్లారింది. కోడె బక్కమ్మ కొట్టంలో కట్టేసి ఉంది. ఇంకెక్కడ ఉంటుంది? రాత్రి ఎవరూ దాని గురించి అడగలేదు, ఎవరూ దాని వెంట రాలేదు. పసుపు కారిపోయింది. ఎర్ర గుడ్డలు ఐలేశం విప్పేశాడు. గంట మాత్రం ఉంచాడు.

బక్కమ్మ గుప్పెడు పల్లి ఆకు పట్టుకుని కొట్టం గుమ్మంలో నిలబడింది. నిన్న అంత ఏడ్చాక దాన్ని మళ్లీ తిట్టబుద్ధి కాలేదు.

"దా, నాయినా," అంది.

కోడె గోడ వైపు చూస్తోంది.

"దా, బిడ్డా. దా, నా తండ్రీ." గొంతు తేనెలో ముంచి పిలిచింది. చెవి కూడా కదల్లేదు. వెనక ఐలేశం కిసుక్కున నవ్వాడు.

"దానికి గా మాటలు రావు," అన్నాడు.

బక్కమ్మ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, చంటిపిల్లను లేపినట్టు అంది, "ఓరి దొంగసచ్చినోడా."

కోడె గిరుక్కున తిరిగింది. పలుపు ఎంతవరకు సాగితే అంతవరకు వచ్చి ఆమె చేతిలోని ఆకు అందుకుంది. తిని, నిలబడ్డ చోటే నెమరు వెయ్యడం మొదలుపెట్టింది. దవడ ఇటూ అటూ ఆడుతుంటే బక్కమ్మ చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.

బాటలో మోటారుసైకిల్ ఆగింది. కాటమయ్య దిగలేదు, ముఖం ఇంకా బిగించుకునే ఉన్నాడు.

"ఓ బక్కమ్మా! నీ కోడెను జర కట్టేసుకో. నా మక్కల పడ్డదో..." అని ఆగాడు. పోయిన వారమైతే కాళ్లిరగ్గొడ్త అనేవాడు. "...పడ్డదో, వచ్చి నీకు చెప్త," అని బండి తిప్పుకుని పోయాడు.

నీ కోడె అన్నాడు. ఎవరిదో గొడ్డు అనలేదు, దొంగగొడ్డు అనలేదు, స్వామీ అనలేదు. బక్కమ్మ ఆ మాటను లోపల ఇంకోసారి అనుకుంది.

"ఓ గాడిదా, సొప్ప తే!" అని గట్టిగా కేకేసింది. ఆ కేక పూర్తి కాకముందే ఐలేశం చొప్ప మోపుతో ఎదుట నిలబడ్డాడు. చప్పుడు కాగానే తల తిప్పి, పిలుపు వినగానే కదిలి, ఏమిటన్నట్టు ఆమె ముఖంలోకి చూస్తూ. ఆయన భుజానికి తల రాస్తూ ఆ పక్కనే కోడె, అదీ ఆమె నోటి వైపే చూస్తూ.

బక్కమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఏదో అనబోయింది. నోరు తెరిచింది, మూసింది. ఐలేశం చేతిలోంచి మోపు తనే అందుకుని కిందికి దించి, ఆయన మెడ మీద అంటుకున్న చొప్ప పొట్టును కొంగుతో తుడిచింది. వాకిట్లో అంతసేపు చప్పుడు లేకపోయేసరికి, లోపలి నుంచి మల్లిక కడుపు పట్టుకుని గాభరాగా బయటికొచ్చింది.

"ఏమైంది, అత్తా? పానం బాగలేదా?"